ఆదివారపు మాను

ఆదివారం ఏ రోజో తెలియక జనం కొట్టుకున్న ఊరు ఈ లోకంలో మా గవ్వలదిన్నె ఒక్కటే అయి ఉంటుంది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనీ. ఇంటింటికీ గోడ మీద క్యాలెండరు వేలాడే రోజులు కావవి, తెల్లదొరల ఏలుబడి. కోడుమూరు అవతల నల్లరేగడి చేల నడుమ ఊరు, ఊరికి ఎడంగా మా వాడ, గేరి అంటాం. గేరిలో అందరం చర్చికి పోయేవాళ్లమే, అందరం బసవరాజు గౌడు పొలాల్లో కూలికో జీతానికో వంగేవాళ్లమే. ఆదివారం మాకు పని పెట్టకూడదని గౌడు తండ్రి కాలంలోనే మిషను దొర వచ్చి ఒప్పించి పోయాడట. ఆ మాట గౌడు ఏనాడూ తప్పలేదు. తప్పిపోయింది ఆదివారమే.

ఎట్లాగంటారా? జొన్నకోత మొదలైందంటే చేలోనే తిండి, చేలోనే నిద్ర. రోజులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. గౌడు పొలాల మీద పెత్తనమంతా మేస్త్రి మహానందిది. పొద్దున్నే గట్టెక్కి నిలబడి, రేపు గదప్పా ఆదివారం, ఈ పొద్దు వంగండి అనేవాడు. తెల్లారి లేచి అడిగితే, నిన్ననే అయిపాయె గదప్పా, నిద్దర పోయినారా యేం అనేవాడు. అదీ నవ్వుతూనే. మాలో ఎవరి లెక్క వాళ్లది. మేం వాదులాడుకుంటూ ఉండగానే ఎండెక్కేది, కొడవళ్లు ఆడేవి. తేదీల కాగితం ఉన్నది ఊరు మొత్తానికి ఇద్దరి దగ్గరే. ఒకటి గౌడు ఇంట్లో, ఒకటి చర్చిలో ప్రార్థన నడిపే మా ఉపదేశి గాబ్రియేలయ్య దగ్గర. ఆ కాగితం చర్చి గోడకు ఉంటే చేలో ఉన్నవాళ్లకు ఏం కనిపిస్తుంది!

నేను కాపురానికి వచ్చిన ఏడే మా అత్త రాహేలమ్మ జ్వరంతో కోతకొచ్చింది. రేపు ఆదివారం, రేపు పడుకుంటానని పళ్లు బిగబట్టి కోసింది. ఆ రేపు ముందుకు జరిగింది, మళ్లీ జరిగింది. ఆఖరికి ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం గాబ్రియేలయ్య కాగితం చూసి చెప్పాడు, ఆమె వణుకుతూ వణుకుతూ కోసిన ఆ రోజే ఆదివారమని. నా మొగుడు ఏసన్న ఆ మాట విన్నప్పుడు నేను ఆయన మొహం చూశాను. నవ్వుల మనిషి, ఆ రోజు నుంచి ఆ మొహంలో నవ్వు చూడలేదు నేను.

అందుకని మరుసటి కోతకు ముందే మా మామ దాసన్న గౌడు వాకిట్లో నిలబడి గంట అడిగాడు. మామ సంఘపెద్ద, గౌడు ఇంట్లో పాతకాలపు జీతగాడు. ఆయన నోరు తెరిచి అడగడమే ఎప్పుడో ఒకసారి. గంట వద్దన్నాడు గౌడు, ఎద్దులు బెదురుతాయట. కావాలంటే జెండా ఎత్తుకోండి, గుడ్డకు నోరుండదు గదా అని నవ్వాడు. నవ్వినా సరే, మాట ఇచ్చాడు. మామకు అదే చాలు.

ఇక జెండా కట్టే మాను ఏది అన్నదాని మీద గేరి గేరంతా పెద్దరికం చేసింది. తాటిమాను అన్నారు, నిలబెట్టేలోగా నడుములు పడిపోతాయని మానుకున్నారు. ఏసన్న రైలు కట్ట దగ్గర ఇనుప గొట్టం తెస్తానన్నాడు, పోలీసుల చేతికి మనమే తాడిచ్చినట్టవుతుందని మామ ఒప్పుకోలేదు. చివరికి గాబ్రియేలయ్యా మామా బండి కట్టుకుని కర్నూలు పోయారు. కాలవలో పడవలు తిరగడం తగ్గిపోయి, ముసలి పడవలను విప్పి కలప అమ్ముతున్నారు అక్కడ. వాటిలో ఒకదాని తెరచాప మాను పట్టుకొచ్చారు. టేకు. నిమిరితే చేతికి నున్నగా తగిలేది. మా గేరిలో ఎవరి ఇంట్లోనూ అంత మంచి కట్టె లేదు.

దాన్ని చర్చి ముందర నిలబెట్టిన రోజు నన్ను మిట్ట అవతలి చేలోకి పంపారు. అక్కడికి కనబడితేనే లెక్క. నేను గెనెం గట్టు మీద నిలబడి చూస్తే మాను లేదు, చర్చి కప్పూ లేదు, మిట్ట మీద జాలి తుమ్మచెట్టు ఒకటి ఉంది. కొంగు ఊపి కనబడటం లేదని సైగ చేశాను. మళ్లీ మాను దించి, దాని తలకు పొడుగాటి వెదురు జోడించి, తోలు వారుతో బిగించి చుట్టాడు మామ. వెదురు కొనకు, ఎద్దులతో నీళ్లు తోడే కపిలబావి ఒకటి పాడుబడితే దాని గిలక. ఈసారి జాలి చెట్టుకు పైన తెల్లగా రవ్వంత గుడ్డ ఆడింది. నేను ఒక్కదాన్నే ఆ చేలో నిలబడి ఏడ్చాను. మా అత్తకు అది కనబడి ఉంటే బతికేది గదా అని.

తాడు దగ్గర చిన్న గొడవ వచ్చింది. మా ఇంట తాతల నాటి నుంచి తోలు పని. కపిలబావికి మోకులు, ఎద్దులకు పలుపులు, మంచాలకు అల్లిక, ఏదైనా తోలే. మామ జెండాకూ సన్నని తోలుతాడు పేనాడు. గాబ్రియేలయ్య వద్దన్నాడు. ప్రార్థన జెండాకు తోలుతాడా, ఊరోళ్లు మొహాన నవ్వుతారు అన్నాడు. కోడుమూరు సంతలో కిత్తనార తాడు కొనుక్కొచ్చాడు. మామ పేనిన తాడు చుట్ట చుట్టి అటక మీద పడేశాడు. గిలక మీదుగా రెండు పాయలూ మాను బయటి నుంచే కిందికి దిగాయి. మాను మొదట్లో కడితే గొడ్లు రుద్దుకుని విప్పేస్తాయని, కాస్త ఎడంగా రాతిగూటం పాతి దానికి ఏటవాలుగా లాగి కట్టాడు మామ.

ఆ మొదటి ఆదివారం సంగతి చెప్పాలి. మహానంది గట్టు మీద నిలబడి రేపు గదప్పా అని ఎత్తుకునేలోగా, చేలో ఉన్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నడుములెత్తి మిట్ట మీదుగా ఎగురుతున్న జెండా వైపు చూశారు. ఎవరూ వాదించలేదు. కొడవళ్లు నడుముకు దోపుకుని నడిచి వచ్చేశాం. మహానంది వెనకనుంచి పిలిచాడు, తిట్టాడు. ఆ వారం గౌడు అతన్ని అందరి ముందరా నిలబెట్టి, కోత సాగడం లేదు, నువ్వు మేస్త్రివా మంద కాపరివా అని కడిగేశాడు. అక్కడి నుంచి బయటికొచ్చి మహానంది మా గేరి మొగదలలో నిలబడి అన్నాడు. "ఆ మాను ఎన్నాళ్లు నిలబడతాదో నేనూ జూస్తా."

ఆ మాట గేరిలో చెవులున్న ప్రతివాళ్లూ విన్నారు. ఆ రోజు నుంచి ఏసన్నా అతని జతగాళ్లూ వంతులేసుకుని మానును కనిపెట్టుకుని ఉండేవాళ్లు. తాడు చేతికందేది. ఎవరైనా గుంజవచ్చు, ఎవరైనా కోయవచ్చు. చేలో ఉన్నా మా చూపు దాని మీదనే.

జొన్న సగం కోత అయ్యి, సగం చేలో ఉండగా మబ్బు పట్టింది. కాని కాలపు మబ్బు. గౌడుకు కంటి మీద కునుకు లేదు, మహానంది కాలు నిలవలేదు. ఆ సాయంత్రం అతను కళ్లం నుంచి వస్తూ వస్తూ మాను దగ్గర ఆగి, కోపంగా తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజి వదిలేసి పోయాడు. బోరింగు లేదు అప్పుడు, చేదబావి దగ్గర ఉన్న ఆడవాళ్లమంతా చూశాం.

అతను పోయిన కాసేపటికి మామ వచ్చాడు. నేను కడవ ఎత్తుకుని ఇంటికి పోతున్నాను. మబ్బు వైపు చూసి, తాడు మీద చేయి వేసి, నన్ను పిలిచాడు. "తడిస్తే సాగుతాదమ్మా, గాలికి వెదురు ఊగుతాది. ఇంగొంచెం బిగిచ్చల్ల. రా, పట్టు." ఇద్దరం కాళ్లు తన్నిపెట్టి లాగాం. వెదురు కొన గూటం వైపు కాస్త వంగింది కూడా. మామ గూటానికి నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. ఆ ముడి కపిల మోకుకు వేసే ముడి, ఎద్దులు లాగినా జారదు.

ఆ రాత్రంతా వాన, గాలి. కాపలా కుర్రాళ్లు కూడా ఇళ్లల్లో దూరారు. తెల్లవారి చూస్తే వెదురు జోడు దగ్గర విరిగి, తల కిందులుగా వేలాడుతోంది. దానితో పాటు టేకు మాను తల కూడా నిలువునా చీలిపోయింది.

ఇంక చెప్పేదేముంది. మహానంది పేరు ఎవరూ చెప్పక ముందే అందరి నోటా ఉంది. ఏసన్న ఆ పొద్దే గాబ్రియేలయ్యను వెంటేసుకుని కోడుమూరు స్టేషనుకు పోయాడు. ప్రార్థన స్థలం మీద చేయి వేశాడంటే అది చిన్న మాట కాదు, పైగా మిషను దొర కబురు కర్నూలు దాకా పోయింది. సాయంత్రానికి మహానందిని చావడిలో కూర్చోబెట్టారు, మోచేతులు వెనక్కి కట్టి. కర్నూలు నుంచి పోలీసు దొర వస్తున్నాడన్నారు. ఊళ్లో పెత్తందారులకు గుండెల్లో రాయి పడింది. గౌడు మనిషిని పంపాడు మా గేరికి, మొట్టమొదటిసారి. కేసు మాట్లాడుకుని పోనిద్దాం, ఏడాది పొడుగునా ఆదివారం ఆదివారమే, దొర ముందర కాగితం రాసిస్తా, కొత్త మాను నేనే వేయిస్తా, గంట కూడా కట్టుకోండి అని.

గంట కూడా! గేరిలో ముసలివాళ్లు ఏడ్చారు. ఏసన్న వచ్చి నా చేయి పట్టుకున్నాడు, పెళ్లైనప్పటి నుంచి పగటిపూట పట్టుకోని చేయి. మా అమ్మ చచ్చి సాధించింది అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ పూట నా కడుపు నిండినట్టుంది.

మామ మాత్రం మాను దగ్గరే తిరుగుతున్నాడు. ముడి విప్పబోతే రాలేదట. మరుసటి మధ్యాహ్నం ఎండ కాసిన తర్వాత, మళ్లీ పోయి చూస్తే ముడి దానంతట అదే వదులైంది. ఆయన ఆ తాడులో ఒక ముక్క కోసుకొచ్చి, మా పందిరి గుంజలు రెంటికీ మధ్య లాగి కట్టాడు, చెంబుతో నీళ్లు పోశాడు. నేను గుమ్మం లోపల రొట్టెలు కాలుస్తూ చూస్తున్నాను. మళ్లీ పోశాడు. కాసేపటికి వేలితో మీటాడు. తాడు మోగింది. పందిరి గుంజ ఒకటి కిర్రుమని లోపలికి వంగింది.

తోలు తడిస్తే సాగుతుంది. నార తడిస్తే బిగుస్తుంది. జన్మంతా తోలుతోనే బతికిన చెయ్యి ఆయనది, నార సంగతి ఆ చేతికి తెలియదు. మామ అక్కడే కింద కూలబడి నా వైపు చూశాడు. పెనం మీద రొట్టె మాడిపోయింది.

ఆ సాయంత్రమే మహానంది భార్య ఈరక్క మా వాకిట్లోకి వచ్చింది. లోపలికి రాలేదు. మా ఆయన చెడ్డోడే, కానీ ఆ రాత్రి వాన కురుస్తాంటే ఇంట్లోనే ఉన్నాడమ్మా అని నాకే చెప్పి, జవాబు కోసం నిలబడక పోయింది. మామ విన్నాడు. ఏసన్నా విన్నాడు.

ఆ తర్వాత తండ్రీకొడుకులు మాట్లాడుకున్న మాటలు మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఒక్కసారి విన్నది చాలు. మామ తాడు సంగతి చెప్పాడు. ఏసన్న ముందు నమ్మలేదు, తర్వాత నమ్మి ఇంకా మండిపడ్డాడు.

"వాడు ఇరచకపోతే ఏం నాయనా, ఇరిచేటోడే గదా. అమ్మను సంపింది వాడు గాదా?"

"మీయమ్మను సంపినందుకు వాన్ని పట్టకపోతే నేనే ముందర పోయి సాచ్చెం చెప్తా. మాను ఇరిచినందుకు చెప్పలేను."

"నిన్నెవరూ చెప్పమనలేదు. ఊరికే కూకో. నోరు తెరిచినావంటే గంట పోతాది, ఆదివారం పోతాది. నేనూ పోతా."

మామ తల వంచుకున్నాడు. ఏసన్న నా వైపు తిరిగి, నువ్వయినా చెప్పు అన్నాడు. ఏం చెప్పేది? ఆ తాడు లాగింది నేనూ మామా కలిసి.

దొర వచ్చిన రోజు చావడి ముందర ఊరంతా ఉంది. దొర కుర్చీలో, గౌడు పక్కన, ఆదివారం మాట రాసిన కాగితం తొడ మీద పెట్టుకుని. మహానంది కింద కూర్చుని ఉన్నాడు. మొహం వాచి ఉంది, ఎవరు కొట్టారో అందరికీ తెలుసు. గాబ్రియేలయ్య జరిగినదంతా చెప్పాడు. ఎవరైనా చూశారా అని దొర అడిగాడు. బావి దగ్గరి ఆడవాళ్లు తాడు గుంజింది చూశామన్నారు, అది నిజమే. ఇక గౌడు మాట ఇవ్వడానికి లేవబోతున్నాడు.

అప్పుడు మామ లేచాడు.

"ఆ మాను ఇరిగింది నా ముడితో దొరా. మహానంది తాకినాడు, ఇరచలేదు. నార తాడని మరిచి తోలుతాడు మాదిరి బిగిచ్చినా. వానకు అదే గుంజి ఇరిచింది."

దొర అర్థం కాక గాబ్రియేలయ్య వైపు చూశాడు. గాబ్రియేలయ్య మొహం పాలిపోయింది. దొరకు మళ్లీ ఇంగ్లీషులో చెప్పాడు, చెబుతూ చెబుతూ గొంతు తగ్గిపోయింది. దొర టోపీ తీసి నుదురు తుడుచుకుని, మరి ఎందుకయ్యా నన్ను పిలిపించారు అని విసుక్కుని లేచాడు. జవాను మహానంది కట్లు విప్పాడు. గౌడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మామ వైపు చూసి నవ్వాడు అంతే. ఆ నవ్వు కంటే చెప్పు తీసి కొట్టినా బాగుండేది.

ఏసన్న ఆ పొద్దే దుప్పటి భుజాన వేసుకున్నాడు. ద్రోణాచలంలో రైలు గ్యాంగు పనికి పోతానన్నాడు. నువ్వూ నడువు అన్నాడు. కోత అయినాక వస్తానన్నాను. మామను ఆ ఇంట్లో ఒంటరిగా వదిలి పోవడానికి నాకు కాళ్లు రాలేదు. మొగుడి వెంట పోక మామ దగ్గర ఉండిపోయిందని నన్ను గేరిలో ఎన్ని మాటలన్నారో! అననీ. కోత అయినాక పోయాను కూడా, కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను. కానీ ఏసన్న మళ్లీ ఆ గడప తొక్కింది తండ్రి పాడె ఎత్తడానికే.

ఏసన్న ద్రోణాచలం పోయిన రాత్రి నేనే మామను అడిగాను. ఉండబట్టలేక అడిగాను. "ఒక్క మాట మింగుంటే గంట వచ్చేది గదా మామా. అత్త పేరున వచ్చేది."

ఆయన దీపం వత్తి కాస్త తగ్గించాడు. తర్వాత అన్నాడు. "మనకు వాడు అబద్ధం ఆదివారాలు చెప్తాండాడనే గదమ్మా ఆ మాను పాతుకుంది. అబద్ధంతో తెచ్చుకున్న ఆదివారం నాడు నేను యా మొగంతో మోకాళ్లూనల్ల?"

నాకు కోపం తగ్గలేదు. ఆ మాట మాత్రం మనసులో పడిపోయింది.

గాబ్రియేలయ్య సంఘపెద్ద పని మామ దగ్గరనుంచి తీసేశాడు. గేరిలో ఆయనతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. గౌడు కబురు పంపాడు, జొన్న తడిసింది, కళ్లం అయ్యేదాకా ఏ వారమూ లేదు, రానివాళ్లకు గింజ లేదు అని. మాను లేదు, జెండా లేదు. అయినా ఆ వచ్చే ఆదివారం ఏదో గేరిలో అందరికీ తెలుసు. తెలిసే కొడవళ్లు పట్టుకుని చేలోకి నడిచాం, మామను తిట్టుకుంటూ. మామ కూడా మా వెనకే వచ్చాడు, ఎడంగా.

మహానంది గట్టు మీద ఉన్నాడు. మొహం మీద వాపు ఇంకా పోలేదు. మేం వంగబోతుంటే ఎప్పటిలా నవ్వలేదు, అరవలేదు. చేతికర్ర గెనెం మీద పెట్టి, మాకు వీపు తిప్పి కూర్చున్నాడు. కూర్చున్నాక అన్నాడు. "ఈ పొద్దు ఆదివారమప్పా. పోండి. గౌడుకు నేను జెప్పుకుంటా."

మొదట ఎవరూ కదల్లేదు. అతని నోట ఆ మాట నిజంగా రావడం మాకు అలవాటు లేదు. తర్వాత ఒకామె నడుమెత్తింది. ఇంకొకామె. మెల్లగా అందరం మిట్ట ఎక్కి ఇంటి దారి పట్టాం.

ఆ పొద్దు చర్చి నిండింది. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు, మధ్యలో దారి. మామ తన చోటులో, గోడ పక్కన, చాప మీద కూర్చున్నాడు. ఆయన పక్కకు ఎవరూ రాలేదు. వచ్చిన ప్రతి మగవాడూ చూసి, ఇంకొంచెం అవతలికి జరిగి కూర్చున్నాడు. కిక్కిరిసిన గదిలో ఆయన చాప చుట్టూ మాత్రం ఖాళీగా మిగిలింది. ఎవరి వల్ల ఆ పొద్దు అందరూ అక్కడ కూర్చోగలిగారో వాళ్లెవరికీ తోచలేదా, తోచినా ఒప్పుకోలేకపోయారా, నాకు తెలియదు. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

కోడలు మామ ముందు కూర్చోకూడదు మాలో. ఆయన ఇంట్లో ఉంటే నేను గుమ్మం చాటున నిలబడే మాట్లాడేదాన్ని. ఆడవాళ్ల వైపు నుంచి లేచాను. ఎవరో కొంగు పట్టి లాగారు, విడిపించుకున్నాను. మధ్య దారి దాటి పోయి, మామ చాప మీద, ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన నా వైపు తిరగలేదు. కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. గాబ్రియేలయ్య మా వైపు చూసి, పుస్తకం తెరిచి పాట ఎత్తుకున్నాడు.